గోమారి మందు డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మందు డబ్బా గారికి,

నమస్కారాలు. తమరు పెరట్లో బుస్సుమంటూ ఒక్క చుట్టు తిరిగితే చాలు, ఇంటిల్లిపాదికీ ఎక్కడలేని ధైర్యం వస్తుంది. పిల్లలు చెప్పులు లేకుండా గడ్డిలోకి పరిగెడతారు, పెద్దలు టెన్షన్ లేకుండా కునుకు తీస్తారు. వాసన ఘాటుగా ఉంటే పని గట్టిగా జరిగినట్టే లెక్క. ఇంత నమ్మకం డాక్టర్లకు కూడా దక్కలేదు.

అమెరికాలో కొందరికి మాత్రం తమరి మీద కన్ను పడింది. 2011, 2012లలో మూడు రాష్ట్రాల్లో 2,727 కుటుంబాలను ఎంచుకుని, కొందరి పెరళ్లలో మందు, మిగతావారి పెరళ్లలో ఉత్త నీళ్లు కొట్టారు. ఎవరికి ఏది కొట్టారో చెప్పలేదు. మందు పడ్డచోట గోమార్లు 63 శాతం తగ్గాయి. భేష్! కానీ మనుషులకు గోమార్లు పట్టడం తగ్గలేదు, జబ్బులూ తగ్గలేదు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని డచెస్ కౌంటీలో పేటలకు పేటలే తీసుకుని, తమరి తమ్ముడిని, అంటే గోమార్లను చంపే బూజుతో చేసిన మందును, ఎలుకలకు మందు పూసే పెట్టెలను కలిపి ప్రయోగించారు. గోమార్లు సుమారు సగానికి పడిపోయాయి. పెంపుడు జంతువులకు జబ్బులు తగ్గాయి, యజమానులకు తగ్గలేదు. గోమారి కుడితే వచ్చే లైమ్ జబ్బుకి టీకా కూడా కుక్కకే ఉంది. మనిషికి 1998లో వచ్చిన టీకాను 2002లో మార్కెట్ నుంచి తీసేశారు. వచ్చే జన్మ సంగతి ఆలోచించుకోవాల్సిందే.

తప్పు పూర్తిగా తమరిది కాదు. లైమ్ జబ్బు మోసే గోమారి సుమారు రెండేళ్లు బతికి తినేది మూడే పూటలు. మిగతా కాలమంతా రాలిన ఆకుల కింద, తడిలో ముడుచుకుని పడుంటుంది. తమరి తుంపర పై ఆకు మీదే ఆగిపోతుంది. ఆకలైనప్పుడు గడ్డిపోచ ఎక్కి, వెనక కాళ్లతో దాన్ని పట్టుకుని, ముందు కాళ్లు గాల్లోకి చాచి నిలబడుతుంది. వాసన పట్టేది ఆ ముందు కాళ్లే. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ దానికి భోజనాల గంట. లేత గోమారి గసగసం గింజంత ఉంటుంది. కుట్టినా నొప్పి తెలియదు, ఎందుకంటే మత్తు దాని ఉమ్మిలోనే ఉంది.

గుడ్డులోంచి వచ్చిన ఆరుకాళ్ల పిల్లకు లైమ్ సూక్ష్మజీవి పుట్టుకతో రాదు. ఎక్కువగా తెల్లకాళ్ల ఎలుక దగ్గరే అంటించుకుంటుంది. పెద్దయ్యాక జింక రక్తం తాగుతుంది గానీ, జింక ఒంట్లో ఆ సూక్ష్మజీవి నిలవదు. అయినా ఊళ్లో జనం తిట్టేది జింకనే, ఎలుకను ఎవరూ పల్లెత్తు మాట అనరు.

ఇక పశువుల గోమారి తమరి వంశం మొత్తాన్నీ చూసేసింది. తాతగారు ఆర్సెనిక్, ఆ తర్వాత డీడీటీ, ఆపైన ఆర్గనోఫాస్ఫేట్లు, పైరెథ్రాయిడ్లు. అందరినీ ఒకరి తర్వాత ఒకరిని అరిగించుకుంది. సగం మోతాదు కలిపి కొట్టే మన పొదుపు దానికి బాగా కలిసొచ్చింది. చావగా మిగిలిన ఒక్క ఆడ గోమారి వేల గుడ్లు పెట్టగలదు.

తమరికి అసలు పనే లేదని కాదు. కర్ణాటకలో 1957లో బయటపడ్డ, గోమార్లు కోతులకూ మనుషులకూ అంటించే క్యాసనూర్ అడవి జ్వరం సంగతే చూడండి. కోతి చచ్చి పడితే దాని ఒంటి మీది గోమార్లు అక్కడే రాలి, దారినపోయే మరో ప్రాణి కోసం కాచుకుంటాయి. ఆ చోటు చుట్టూ మందు చల్లడంలో అర్థముంది. అక్కడికి వెళ్లమంటే తమరు పెరటి గులాబీల దగ్గరే ప్రదక్షిణలు చేస్తానంటారు!

తమరు వచ్చి వెళ్లాక మాత్రం ఎవరూ ఒళ్లు చూసుకోవడం లేదు. లైమ్ సూక్ష్మజీవి మన ఒంట్లోకి దిగడానికి సాధారణంగా 24 గంటల పైనే పడుతుంది. అన్ని జబ్బులూ అంత మర్యాదస్తులు కావనుకోండి. సాయంత్రం చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో వెతికి, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేస్తే లైమ్ బెడద చాలావరకు తప్పుతుంది. తమరి దూరపు చుట్టం అగ్గిపుల్ల ఇందులో వేలు పెట్టకుండా చూడండి. కాలిస్తే గోమారి సంగతేమో గానీ, మన చర్మం కాలుతుంది.

పట్టకారుకి వాసన లేదు, బుస్సుమనదు. అందుకే దానికి మర్యాద లేదు. కాబట్టి ఈ వెతుక్కునే సంగతి తమరి లేబుల్ మీదే వేయించమని మనవి. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి. ఇప్పుడున్న చిన్న అక్షరాల్ని, మోతాదుతో సహా, ఎవరూ చదివిన పాపాన పోలేదు.

ఇట్లు,
తమరి వాసనకు తుమ్ముతూ,
ఒక పెరటి వాసి