గ్రాఫిక్స్ కార్డు గారికి ఒక బహిరంగ లేఖ

గ్రాఫిక్స్ కార్డు గారూ,

ముందు మీకో దండం. గేమింగ్ పీసీ బిల్డ్ చేద్దామని కూర్చుని ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ అన్నీ ఒక్క పూటలో తేల్చేశాను, గేముల బొమ్మలు తెర మీద గీసిపెట్టే మీ దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. అసలు మీ ఇంట్లో పేర్లు పెట్టేదెవరండీ?

నంబర్ పెరిగితే సరుకు కూడా పెరగాలి కదా అనుకుంటాం మేం అమాయకులం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ మెమరీ, 192 బిట్ బస్ (మెమరీకి వెళ్ళే దారి వెడల్పు) ఇచ్చి, తర్వాత పుట్టిన 4060కి 8 జీబీ, 128 బిట్ పెట్టారు. వయసు పైబడేకొద్దీ జ్ఞాపకశక్తి తగ్గడం మనుషులకే అనుకున్నా, మీ వంశంలోనూ ఉందన్నమాట. క్యాష్ (డబ్బు కాదు, చిప్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ) పెంచాం కదా అంటారు, నిజమే, మామూలుగా 4060దే స్పీడు, కాదనట్లేదు. కానీ టెక్స్చర్లు, అంటే గోడలకీ నేలకీ అతికించే బొమ్మలు, అల్ట్రాలో పెట్టాక ఆ 8 జీబీ నిండిందంటే చూడాలి, కెమెరా ఇటు తిప్పితే గేమ్ ఒక్కసారి బిగుసుకుపోతుంది, ఎదురుగా ఉన్న గోడ బురద పూసినట్టు కనిపిస్తుంది, కాసేపు నిలబడి చూస్తే అప్పుడు తీరిగ్గా ఇటుకలు ప్రత్యక్షమవుతాయి.

పోనీ ఇది కొత్త జబ్బా అంటే అదీ కాదు. 2016లో జీటీఎక్స్ 1060 అని ఒకే పేరుతో 6 జీబీది, 3 జీబీది దింపారు, తేడా మెమరీలోనే కదా అని చిన్నది తీసుకున్నవాళ్ళకి కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు) కూడా 1280 బదులు 1152 మాత్రమే వచ్చాయి. 2022లో 4080 పేరుతో 12 జీబీది, 16 జీబీది రెండూ ప్రకటించారు, లోపలి చిప్పే వేరు, జనం ఏకిపారేసేసరికి 12 జీబీదాన్ని వెనక్కి తీసుకుని 2023 జనవరిలో 4070 టీఐ అని పేరు మార్చి పంపించారు. అవతలి పార్టీ ఏఎండీ ఏమన్నా తక్కువ తిన్నదా, 7900లోనే ఎక్స్‌టీఎక్స్, ఎక్స్‌టీ, జీఆర్‌ఈ, ఇందులో జీఆర్‌ఈ అంటే గోల్డెన్ రాబిట్ ఎడిషన్ అట, నేనేం మాట్లాడను. 9060 ఎక్స్‌టీలో కూడా మళ్ళీ అదే 8, 16 గొడవ.

ఇక ఫ్రేములు, అంటే తెర మీద సెకనుకి ఇన్నని మారే బొమ్మలు. 2025 జనవరిలో స్టేజ్ మీద 5070తో 4090 పెర్ఫార్మెన్స్ అన్నారు, చప్పట్లు కొట్టారు జనం. తీరా చూస్తే గీసిన ఒక్క ఫ్రేముకి ఏఐ ఊహించిన మూడు ఫ్రేములు అతికించి లెక్క చెప్పడం! మూలన కౌంటర్ 120 చూపిస్తుంది, మౌస్ కదిపితే చేతికి మాత్రం 30లాగే బద్ధకంగా తగులుతుంది. కథ నడిచే గేముల్లో బాగానే ఉంటుందిలెండి, షూటింగ్ గేములో మాత్రం అవతలివాడు కాల్చేసి వెళ్ళిపోయాక మనకి స్మూత్‌గా కనిపించి ఏం లాభం.

కరెంటు సంగతి సరేసరి. బోర్డు మీద మిమ్మల్ని గుచ్చే స్లాట్ ఇచ్చే 75 వాట్లు మీకు ఏ మూలకీ చాలవు, మీ పెద్దన్న 5090కి ఒక్కడికే 575 కావాలి. పైగా ఆ బరువుకి వంగిపోకుండా కింద పోటు పెట్టాలి.

నా మనవి ఒక్కటే. పేరు ఏదన్నా పెట్టుకోండి, కుందేలు అనండి, తాబేలు అనండి, బాక్స్ ముందువైపు మాత్రం మెమరీ ఎంత, బస్ ఎంత, ఎన్ని వాట్లు, పొడవెంత అని ఆ టీఐ, సూపర్ అక్షరాలంత సైజులోనే అచ్చేయండి. నాది 1440పీ మానిటర్, 4కే కాదు, 4కేలో అయితే 1080పీకి నాలుగింతల పిక్సెళ్లు, ఆ మోజు నాకు లేదు. ఈ లెక్కన 16 జీబీ ఉన్నవాళ్ళే నా లిస్టులో ఉన్నారు, మిగతావాళ్ళు ఎంత పెద్ద నంబర్ తగిలించుకొచ్చినా గేటు దగ్గరే ఆపేస్తాను.

ఇట్లు,
ఇంకా ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద నెట్టుకొస్తున్న ఒక ఆటగాడు

తా.క: నా కేస్‌లో 300 మిల్లీమీటర్లే ఖాళీ ఉంది, ముందు ఫ్యాన్లు కూడా ఉన్నాయి. కాస్త చూసుకుని రండి.