మా కారు అలారం గారికి

అయ్యా,

తమరు కుశలమని తలుస్తాను. ఎడమ వైపు వెనక అద్దం తప్ప మిగతా కారంతా కుశలమే. ఆ అద్దం మాత్రం వడగళ్ల వాన పడ్డట్టు సీటు నిండా, సీటు బెల్టు సందుల్లో, చివరికి మా అమ్మాయి బొమ్మ జుట్టులో కూడా ఉంది. నిన్న మధ్యాహ్నమంతా దాన్ని ఏరడంతోనే సరిపోయింది. వాక్యూమ్ పెట్టి, హమ్మయ్య అయిపోయిందని కూర్చుంటే కింద ఇంకో ముక్క గుచ్చుకుంది. పగిలినా మనిషిని కోసెయ్యకుండా చిన్న చిన్న మొద్దు ముక్కలైపోయేలా పక్క అద్దాల్ని టెంపర్ చేస్తారు, సంతోషమే, కానీ మరీ ఇన్ని ముక్కలా! ముందు అద్దం వేరు. అందులో రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ఊడి రాదు. ఈ తేడా నాకు నిన్న తెలిసింది, దొంగకు ముందే తెలుసు.

పోయిందేమిటంటే ఒక బ్యాగు. అందులో ఉన్నది తడి తువ్వాలు, ఒంటి సాక్సు. దాన్ని వెనక సీటు మీద వదిలేసింది నేనే, ఒప్పుకుంటాను. లోపల ఏమీ లేదని నాకు తెలుసుగానీ అద్దంలోంచి చూసేవాడికి ఎలా తెలుస్తుంది? సరే, ఈ లేఖ నాకు కాదు, తమకు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. తమరు అంతకంటే ఘనులు, దొంగ రావడానికి ఆరు నెలల ముందు నుంచే మొరుగుతున్నారు. పిల్లి బానెట్ ఎక్కితే మొరిగారు, ఉరిమితే మొరిగారు, లారీ పక్కనుంచి పోతే మొరిగారు. కుదుపు తెలుస్తుంది తప్ప కుదిపిందెవరో తమకు తెలియదాయె. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి సెన్సర్ తగ్గించమంటే తగ్గించాడు, తలుపు మీద గట్టిగా గుద్దినా పలకలేదు. కాస్త పెంచమంటే పెంచాడు, ఆకు రాలితే ఏడుపు. మధ్యలో ఏమీ ఉండదా అని అడిగితే "అలా ఉండదు సార్" అన్నాడు. పొద్దున్నే లిఫ్టులో "రాత్రి ఎవరిదో కారు తెగ అరిచింది" అని ఎవరైనా అంటే, "అవునండీ, ఎవరిదో ఏమో" అని వాళ్లకంటే ఎక్కువ విసుక్కున్నాను. తమకోసం ఇన్ని అబద్ధాలు ఆడాను.

తమ బంధువర్గం కూడా తక్కువేం కాదు. జేబులోంచి తియ్యక్కర్లేని తాళం ఒకటుంది కదా, ఇంటి గుమ్మం దగ్గర ఒకడు, కారు దగ్గర ఒకడు నిలబడి దాని సిగ్నల్‌ని సాగదీస్తే యజమానే వచ్చాడనుకుని కారు తలుపు తీసేస్తుందట. అందుకని సిగ్నల్ బయటికి పోని సంచీలో దాన్ని పడుకోబెడుతున్నాను. రిమోట్ సిగ్నల్‌నే జామ్ చేసేవాళ్లున్నారని విన్నప్పటి నుంచి లాక్ నొక్కాక హ్యాండిల్ రెండుసార్లు లాగి చూస్తేగానీ కాలు ముందుకు పడదు. స్టీరింగుకు తగిలించే ఇనుప కడ్డీ నాలుగు రోజులు వాడి డిక్కీలో పడేశాను, ఇప్పుడది డిక్కీని కాపాడుతోంది. మొత్తం కుటుంబంలో బుద్ధిమంతుడు ఇమ్మొబిలైజర్ ఒక్కడే. తాళంలోని చిప్ కోడ్ కలవకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వడు, అంతే, నోరెత్తడు. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు అతన్ని తప్పనిసరి చేశారు. తమకు ఆ గౌరవం ఎందుకు దక్కలేదో ఒక్కసారి ఆలోచించుకోండి.

ఇక మొన్న రాత్రి సంగతి. ఒంటిగంట పదికి అరిచావు. నేను కళ్లు కూడా తెరవకుండా రిమోట్ తడుముకుని బటన్ నొక్కాను. టక్కున ఆగిపోయావు. పొద్దున కెమెరాలో చూశాను, ఏం జరిగిందో. అద్దం పగలగానే నీ అరుపుకి ఆ కుర్రాడు నిజంగానే అదిరిపోయాడు, అప్పటికే నాలుగడుగులు పరుగెత్తాడు కూడా. అంతలో నువ్వు ఆగావు. లైట్లు రెండుసార్లు మిటకరించి, తాళాలన్నీ తీసి మరీ ఆగావు! వాడు నిలబడిపోయాడు. పైకి, మా కిటికీ వైపు చూశాడు. తిరిగొచ్చి, పగిలిన అద్దంలో చెయ్యి పెట్టే పని కూడా లేకుండా, చుట్టంలా తలుపు తీసుకుని, డాష్‌బోర్డు అర వెతికి, బ్యాగు భుజాన వేసుకుని నడుచుకుంటూ పోయాడు. పరుగెత్తలేదయ్యా, నడిచాడు! ఆరు నెలలు పిల్లులకోసం నా నిద్ర చెడగొట్టకపోతే ఆ ఒక్క రాత్రి నేను లేచి కిటికీలోంచి తొంగి చూసేవాణ్ని కాదా? నువ్వు అరిచిన ఒకే ఒక్క నిజం అరుపుని నా చేత్తో నేనే ఆపేలా చేశావు కదరా!

కొత్త అద్దానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. అందాకా ప్లాస్టిక్ కవరు అంటించాను. అది గాలికి టపటపమంటే చాలు, మళ్లీ మొదలు. నిన్న రాత్రి టార్చి పట్టుకుని మూడుసార్లు కిందికి దిగాను. రెండుసార్లు గాలి, ఒకసారి పిల్లి. మూడోసారి ఎందుకో తిట్టబుద్ధి కాలేదు. బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇది రాస్తుంటే మళ్లీ అరుస్తున్నావు. ఆగు, వస్తున్నా, చెప్పులు వేసుకోనీ.

ఇట్లు,
బటన్ నొక్కినవాడు