పిల్లల సంఖ్య ఒక్కటే కారణమా?
శ్రీలంకలో కుటుంబాలు పేదరికంలో ఉండటానికి పిల్లలు ఎక్కువ కావడం, చదువు తక్కువ కావడమే ప్రధాన కారణాలని కొందరంటారు. సగమే ఒప్పుకుంటాను. 2019 ప్రభుత్వ సర్వేలో దేశం మొత్తమ్మీద పేదలు 14.3 శాతం, పట్టణాల్లో 6 శాతం. అదే తేయాకు, రబ్బరు తోటల్లో అయితే 51.3 శాతం! ఇంత తేడా పిల్లల వల్లే వస్తుందా? తోట కూలీల్లో ఎక్కువమంది తమిళనాడు నుంచి వెళ్లినవాళ్ల సంతతి. 1948 చట్టంతో వాళ్లలో చాలామందికి పౌరసత్వమే లేకుండా పోయింది. తరాలుగా ఉంటున్న లైన్ ఇళ్లు (తోటల్లో కూలీల కోసం వరుసగా కట్టిన చిన్న గదులు) నేటికీ చాలామంది పేరు మీద లేవు. పట్టా లేనివాడికి బ్యాంకు ఏం చూసి అప్పిస్తుంది? రోజుకూలి వెయ్యి రూపాయలు కావడానికే 2021 దాకా ఆగాల్సివచ్చింది (అదీ శ్రీలంక రూపాయల్లో). ఇక పిల్లలు పెద్ద చదువులకు ఎలా వెళ్తారు?