వెండి సిమెంట్ పీకించేయాలా? పిన్నికి వచ్చిన మెసేజ్ మీద నా జవాబు

"మీ దవడ పళ్ళలో నల్లటి సిమెంట్ ఉందా? అందులో సగం పాదరసమే! మినమాటాలో వేలమందిని బలిగొన్న విషం ఇదే. యూరప్ నిషేధించింది. మతిమరుపు, వణుకు దీనివల్లే. వెంటనే తీయించి కొత్తిమీర రసం తాగండి." మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇది నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారికి పిన్ని ఫోన్ చేసింది. "నాకు రెండున్నాయి కదరా, పీకించేసుకోనా?" ఇరవై ఏళ్ళుగా ఆ పళ్ళతోనే చేగోడీలు నములుతోంది.

సగం పాదరసం అన్నది నిజమే. అమాల్గం అనే ఈ ఫిల్లింగులో తూకానికి దాదాపు 50 శాతం అదే. మిగతాది వెండి, తగరం, రాగి. "ఉప్పులో సోడియం లేదా?" అని కొట్టిపారేసేవాళ్ళ పోలిక కూడా నాకు నచ్చదు. ఉప్పు నుంచి సోడియం లోహం బయటికి రాదు. అమాల్గం నుంచి మాత్రం పాదరసం ఆవిరి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. నమిలినప్పుడు, వేడి కాఫీ తాగినప్పుడు, నిద్రలో పళ్ళు కొరికినప్పుడు ఇంకాస్త ఎక్కువ. కాబట్టి చూడాల్సింది ఎంత వస్తోందన్నదే. మామూలుగా రోజుకు కొన్ని మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పదిలక్షో వంతుల్లో లెక్క.

ఆ కాస్తకే మెదడు పాడవుతుందా? దీన్ని పిల్లల్లోనే పరీక్షించారు. పోర్చుగల్‌లోని లిస్బన్‌లో 507 మందిని, అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో 534 మందిని చీటీలు తీసినట్టు రెండేసి గుంపులు చేశారు. ఒక గుంపుకు అమాల్గం, రెండో గుంపుకు పంటి రంగు కాంపోజిట్ పెట్టారు. లిస్బన్‌లో 7 ఏళ్ళు, అమెరికాలో 5 ఏళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. అమాల్గం పిల్లల మూత్రంలో పాదరసం ఎక్కువే కనిపించింది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఐక్యూ పరీక్షల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికా పిల్లల్లో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం (కిడ్నీల మీద ఒత్తిడికి గుర్తు కావచ్చు) అమాల్గం గుంపులో కాస్త ఎక్కువగా కనిపించింది, లిస్బన్‌లో ఆ తేడా లేదు. అన్నట్టు, రిపేర్లు ఎక్కువ పడింది కాంపోజిట్‌కే.

జపాన్‌లోని మినమాటా పేరు చెప్పి భయపెట్టడం మాత్రం అన్యాయం. అక్కడ జనాన్ని చంపింది ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన మిథైల్ మెర్క్యురీ అనే పాదరసం సమ్మేళనం. అది చేపల్లో పేరుకుని, ఆ చేపలు తిన్నవాళ్ళ నరాలను దెబ్బతీసింది. అమాల్గం నుంచి వచ్చేది లోహపు పాదరసం ఆవిరి. రెండూ పాదరసమే అయినా ఒంట్లోకి వెళ్ళే దారి వేరు, మోతాదు వేరు.

యూరప్ నిషేధం? 2025 జనవరి 1 నుంచి కొత్తగా పెట్టడం ఆపేసిన మాట నిజం, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప. ముఖ్య కారణం పర్యావరణం. క్లినిక్ కాలువల నుంచి, శ్మశానాల పొగ నుంచి పాదరసం నీళ్ళలోకి చేరుతుంది, అక్కడ మిథైల్ మెర్క్యురీగా మారి చేపల్లోకి పోతుంది. 15 ఏళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అక్కడ 2018లోనే ఆపేశారు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా 2020లో గర్భిణులు, ఆరేళ్ళలోపు పిల్లలు, కిడ్నీ, నరాల జబ్బులున్నవాళ్ళకు వీలైనంతవరకు అమాల్గం వద్దంది. ఇది ముందుజాగ్రత్త. మీ పిల్లాడికి కొత్తగా ఫిల్లింగ్ పెట్టించాల్సి వస్తే పాదరసం లేని గ్లాస్ అయొనోమర్, కాంపోజిట్ ఫిల్లింగుల గురించి తప్పకుండా అడగండి.

కానీ అదే ఎఫ్‌డీఏ, బాగున్న పాత ఫిల్లింగ్‌ను అవసరం లేకుండా తీయించొద్దని కూడా చెప్పింది. మెసేజ్‌లో ఆ ముక్క లేదు. డ్రిల్లుతో కోస్తున్నప్పుడే ఆవిరి ఒక్కసారిగా ఎక్కువగా లేస్తుంది, పనిలో పనిగా మంచి పన్ను కూడా కొంత అరిగిపోతుంది. తీయిస్తే మతిమరుపు, వణుకు తగ్గుతాయనడానికి ఆధారం లేదు. కొత్తిమీర పచ్చడికి మంచిది.

ఇదంతా విన్నాక పిన్ని కాసేపు మాట్లాడలేదు. "కోడలికి కూడా పంపాన్రా, దానికి ఐదో నెల. రేపే డెంటిస్ట్ దగ్గరికి వెళ్తానంటోంది."

"నా ఫోన్ పెట్టేసి ముందు తనకి చెయ్యి పిన్నీ," అన్నాను.