ఉసుళ్ళని చూసి ఛీ అనొద్దు, గుండెపోటుకి మందనీ అనొద్దు

తొలకరి పడ్డ సాయంత్రం దీపం కింద నీళ్ళ బేసిన్ పెట్టి కూర్చుంటే చాలు, ఉసుళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు, వాటంతటవే వచ్చి పడేవి, రెక్కలు ఊడి నీళ్ళమీద తేలేవి, వాటిని ఎండబెట్టి చేటతో చెరిగి మూకుట్లో దోరగా వేయించి ఇంత ఉప్పూకారం, బొరుగులు కలిపి పిల్లల దోసిట్లో పోసేవాళ్ళు. తెలంగాణలో, రాయలసీమలో ఆ రుచి ఎరిగిన పెద్దవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. కాబట్టి పురుగుల ప్రొటీన్ గుండెకి మేలు చేస్తుందేమో చూసే రీసెర్చ్ అనగానే మొహం చిట్లించేవాళ్ళతో మేం కలవం, అప్పుడే అది గుండెపోటుకి మందు అనేవాళ్ళతోనూ కలవం.

ఇదేం చిల్లర వ్యవహారం కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2013లోనే దీనిమీద పెద్ద రిపోర్ట్ వేసింది, 2021లో యూరప్ వాళ్ళు ఎండబెట్టిన మీల్‌వార్మ్ పురుగుని మనుషుల తిండిగా అమ్ముకోడానికి పర్మిషన్ ఇచ్చారు. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళు 20 మంది ఆరోగ్యవంతులకి రోజూ టిఫిన్‌లో 25 గ్రాముల కీచురాళ్ళ పొడి రెండు వారాలపాటు పెట్టి చూసి 2018లో ఫలితాలు ప్రకటించారు, పేగుల్లో ఒక రకం మంచి బ్యాక్టీరియా పెరిగింది, ఒంట్లో లోలోపలి వాపుని (ఇన్‌ఫ్లమేషన్) సూచించే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ప్రొటీన్ రక్తంలో తగ్గింది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోడానికి ఈ వాపుతో సంబంధం ఉంది కాబట్టి గుండె మాట వచ్చింది. ఇంకో సంగతి, పురుగుల ప్రొటీన్ని విడగొడితే వచ్చే పెప్టైడ్లనే చిన్న ముక్కల్లో కొన్ని, రక్తపోటుని పెంచే ఏసీఈ అనే ఎంజైముని అడ్డుకుంటున్నాయని ల్యాబుల్లో తేలింది, హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్ళకి డాక్టర్లు రాసే రామిప్రిల్ మాత్ర పనిచేసేది కూడా ఆ ఎంజైము మీదే.

ఆశ పుట్టే మాటే, ఒప్పుకుంటాం. కానీ గాజు గొట్టంలో పనిచేసింది కడుపులో అరిగి రక్తంలోకి వెళ్ళాక కూడా పనిచెయ్యాలిగా? ఆ 20 మందిలో గుండె జబ్బు మనిషి ఒక్కరూ లేరు.

గుండెపోటులో రక్తం గడ్డని కరిగించే ఇంజక్షన్ స్ట్రెప్టోకైనేజ్ కథ గుర్తు చేసుకుందాం. గొంతునొప్పి తెచ్చే బ్యాక్టీరియా రక్తం గడ్డని కరిగిస్తోందని అమెరికా డాక్టర్ విలియం టిల్లెట్ 1933లో రాశారు, ఆ సూక్ష్మజీవి నుంచి తీసిన మందు ఎంతోమంది నరాల్లోకి ఎక్కింది, ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అసహ్యపడలేదు. అయితే దానికి తిరుగులేని రుజువు దొరికింది 1988లో, 17,187 మంది గుండెపోటు పేషెంట్ల మీద చేసిన ఐసిస్-2 ట్రయల్‌తో. ఆ ఇంజక్షనూ ఆస్పిరినూ రెండూ ఇచ్చినవాళ్ళలో అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల వల్ల చనిపోయినవాళ్ళు ఏదీ ఇవ్వనివాళ్ళకంటే దాదాపు 40 శాతం తక్కువ. మధ్యలో గడిచినవి 55 ఏళ్ళు. పురుగుల ప్రొటీన్ ఇప్పుడు ఆ దారి మొదట్లో ఉంది, అప్పుడే గుండెకి కవచం అని డబ్బాల మీద రాసి అమ్మితే అది జనాన్ని మోసం చెయ్యడమే.

ఎందుకింత గట్టిగా అంటున్నామంటే, గుండెపోటులో పోయేది టైమే. రాత్రి రెండింటికి ఛాతీ పట్టేసి ఎడమచెయ్యి లాగుతుంటే, ఒళ్ళంతా చెమటలు పడుతుంటే కూడా గ్యాస్ అనుకుని సోడా తాగి, వాము నమిలి, తెల్లారాక చూద్దాంలే అని పడుకుంటున్నారు మనవాళ్ళు. గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి గంటల్లో పడితేనే గుండె కండ బతుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్టెమీ (గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) కార్యక్రమం కింద గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్ని సర్కారు ఆస్పత్రుల్లో ఫ్రీగా ఇస్తున్నారు, బయట కొనాలంటే వేలకి వేలు. 108కి ఫోన్ చేసి ఈసీజీ ఉన్న చోటికి చేరాలి, అంతే, అక్కడ ఏ పొడీ పనికిరాదు.

రీసెర్చ్ ఆగాలని మేం అనట్లేదు, మన దగ్గరే జరగాలంటున్నాం. హిందూపురం వైపు పట్టు తీశాక గూళ్ళలో మిగిలే పట్టుపురుగు ప్యూపా కూడా ప్రొటీనే కదా, మన యూనివర్సిటీలు, వైద్య కళాశాలలు కలిసి దానిమీద, ఉసుళ్ళ మీద మనుషులతో సరైన ట్రయల్స్ ఎందుకు చెయ్యకూడదు? రొయ్యలు పడనివాళ్ళకి పురుగులూ పడకపోవచ్చు, రెండింట్లోనూ ఒకే రకం ప్రొటీన్ ఉంటుంది, కోస్తా జనానికి ఈ సంగతి డబ్బా మీద తెలుగులో పెద్దక్షరాలతో ఉండాలి. ఆ ట్రయల్స్‌కి నిధులు ఇవ్వమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనీ అడుగుతున్నాం, దాంతోపాటు ప్రతి పీహెచ్‌సీలో పనిచేసే ఈసీజీ మిషనూ, రాత్రిపూట దాన్ని చదివి చెప్పే మనిషీ కావాలని కూడా.