సవరణ: డీడీఆర్5 ల్యాప్‌టాప్‌లో ఈసీసీ ఉన్నట్టా, లేనట్టా?

నెల్లూరు, ఒంగోలు రిపేరు షాపుల కోసం రాసిన ర్యామ్ పోస్టులో ‘డీడీఆర్5 ఉంటే ఈసీసీ ఉన్నట్టే, టెస్ట్ అక్కర్లేదు’ అన్నాం. అది తప్పు. (డీడీఆర్5 అంటే కొత్త తరం ర్యామ్, ఈసీసీ అంటే మెమరీలో దొర్లిన తప్పుల్ని పట్టి సరిచేసే ఏర్పాటు.)

డీడీఆర్5లో ఉన్నది చిప్ లోపలి సవరణ మాత్రమే. 128 డేటా బిట్లకు 8 చెక్ బిట్లు పెట్టుకుని, ఒక బిట్ తిరగబడితే (0 కాస్తా 1 అయితే, లేదా 1 కాస్తా 0 అయితే) చిప్పే సరిచేసుకుంటుంది. చిప్ దాటి ప్రాసెసర్ దాకా వెళ్ళే దారికి ఆ కాపలా లేదు. సరిచేసిన సంగతి విండోస్‌కీ తెలియదు. అసలు ఈసీసీకి మాడ్యూల్ (ర్యామ్ పట్టీ) మీద అదనపు చిప్‌లుండాలి, ప్రాసెసర్, బోర్డు, బయోస్ మూడూ ఒప్పుకోవాలి. కొన్ని వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌లలోనే అది దొరుకుతుంది. డీడీఆర్4 అయితే లినక్స్‌లో హార్డ్‌వేర్ వివరాలు చూపే డీఎంఐడీకోడ్ కమాండ్ చూడండి: టోటల్ విడ్త్ 72 బిట్లు, డేటా విడ్త్ 64 బిట్లు అని ఉంటే ఈసీసీ మాడ్యూల్. రెండూ 64 అయితే కాదు.

కాబట్టి టెస్ట్ తప్పదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా వదలండి. ఒక్క ఎర్రర్ కూడా ఎక్కువే. బ్యాటరీ కనెక్టర్ పీకి, ర్యామ్‌లను ఒక్కొక్కటిగా రెండు స్లాట్లలోనూ మార్చి చూడండి. ఎర్రర్ ర్యామ్ వెంట పోతే ర్యామ్‌దే తప్పు, స్లాట్‌ను వదలకపోతే స్లాట్‌ది.

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తిన్న మెషీన్లకైతే ముందు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పెన్సిల్ రబ్బరు వద్దు, బంగారు పూత అరుగుతుంది (అందరూ చేసేది అదే అనుకోండి!).

ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉండి, ఎర్రర్లు ఒకే అడ్రసులో వస్తుంటే, ఆ అడ్రసును 4096తో భాగించి, వచ్చిన పేజీ నంబరును విండోస్ బూట్ సెట్టింగులు మార్చే బీసీడీఎడిట్ కమాండ్‌తో బ్యాడ్‌మెమరీలిస్ట్‌లో (చెడిన మెమరీ జాబితాలో) చేర్చండి. విండోస్ ఆ చోటు ముట్టదు.