ఎన్నోది? ఏ చివర నుంచి?

ఫోన్లో నేను అన్నది మూడే మాటలు, "లాస్ట్ బట్ టూ" అని. జాబితాలో చివరి నుంచి మూడో వరస తీసేయమని నా ఉద్దేశం. అవతల ఉన్న అమ్మాయికి మధ్యలో "బట్" వినపడలేదు. వినపడినా ఆమెకు ఆ వాడుక తెలియదని తర్వాత అర్థమైంది. "లాస్ట్ టూ" అనుకుని చివరి రెండు వరసలూ తీసేసింది. తీసేయాల్సిన వరస అలాగే ఉండిపోయింది.

అది డబ్బు పంపాల్సినవాళ్ల జాబితా. ఆ వారం ఇద్దరికి రావాల్సింది రాలేదు, రాకూడని ఒకరికి వెళ్లింది. అంతా సర్దేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ ఇద్దరిలో ఒకాయన ఫోన్ చేసి, "నా పేరు ఎందుకు తీసేశారండీ?" అని అడిగిన గొంతు నాకు ఇంకా గుర్తుంది. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. నేను ఎంచుకున్న మాటే సరైనది కాదు.

మనలో చాలామంది ఇంగ్లిష్‌లో వరస చెప్పేటప్పుడు ఇలాంటి చోటే తడబడుతున్నాం, ఎదుటివాళ్లను తడబడేలా చేస్తున్నాం. "లాస్ట్ బట్ వన్" భారతదేశంలోనూ బ్రిటన్‌లోనూ మామూలు మాట. అందులో "బట్"కి 'కానీ' అని కాక 'తప్ప' అని అర్థం. చివర ఒక్కటి తప్పిస్తే ఇదే చివరిది అన్నమాట. అమెరికాలో అదే చోటుని "సెకండ్ టు లాస్ట్" అనో, "నెక్స్ట్ టు లాస్ట్" అనో అంటారు. "లాస్ట్ బట్ వన్" అక్కడ చాలామంది చెవికి కొత్త.

మాట కొత్తదైతే అడిగి తెలుసుకుంటారు, దానితో పోతుంది. అసలు చిక్కు అంకెతో వస్తుంది. "లాస్ట్ బట్ టూ"లో పలికే అంకె రెండు, చూడాల్సిన చోటు మూడోది. అదే చోటు "థర్డ్ టు లాస్ట్" అంటే పలికే అంకె కూడా మూడే. మొదటి పద్ధతిలో పక్కన పెట్టినవాటిని లెక్కపెడతాం, రెండో పద్ధతిలో చివరిదాన్ని కూడా కలుపుకుని లెక్కపెడతాం. ఈ రెండు అలవాట్లూ కలగలిసి ఎవరైనా "టూ ఫ్రమ్ ది లాస్ట్" అన్నారనుకోండి, విన్నవాళ్లలో ఒకరు రెండోది చూస్తారు, ఇంకొకరు మూడోది చూస్తారు. ఇద్దరికీ తాము చూసిందే సరైనదన్న నమ్మకం ఉంటుంది. అందుకే ఎవరూ తిరిగి అడగరు.

"పెనల్టిమేట్" ఉందిగా అనొచ్చు. లాటిన్‌లో 'దాదాపు', 'చివరిది' అనే రెండు మాటలు కలిసి పుట్టిన మాట అది. దానికి 'చివరి నుంచి రెండోది' అని ఒకే అర్థం, అంకె గొడవ లేదు. కానీ దాన్ని 'అన్నిటికన్నా గొప్పది' అనే అర్థంలో వాడేవాళ్లు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లలోనే కనిపిస్తారు. ఆ చోటుకి ప్రత్యేకంగా ఒక పేరు కావాల్సింది ముఖ్యంగా వ్యాకరణం చదివేవాళ్లకి. లాటిన్ మాటలో ఎక్కడ ఒత్తి పలకాలో తేల్చేది చివరి నుంచి రెండో అక్షరం. మన దగ్గర పాణిని కూడా మాటలో చివరి వర్ణానికి ముందున్న వర్ణానికి 'ఉపధ' అని పేరు పెట్టాడు. ఆ పని చేసేవాళ్లకి అలాంటి పేర్లు అక్కరకొస్తాయి. హడావిడిగా ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు మాత్రం వాటిని నమ్ముకోలేం.

మన తెలుగులో "చివరి నుంచి మూడోది" అంటాం. ఆ మాటను ఒకసారి నెమ్మదిగా అని చూడండి. ముందు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, తర్వాత ఎటు నడవాలో, ఆఖరికి ఎన్నోదాని దగ్గర ఆగాలో. వినేవాడు వేలు పెట్టి ఆ వరసలోనే లెక్కపెట్టుకోవచ్చు. ఇంత తేటైన పద్ధతి చేతిలో ఉంచుకుని, ఇంగ్లిష్ మాట్లాడాల్సి రాగానే అచ్చం ఇంగ్లిష్ వాళ్లలా అనిపించుకోవాలని నానుడుల కోసం వెతకడం ఎందుకు? "థర్డ్ ఫ్రమ్ ది ఎండ్, కౌంటింగ్ ది లాస్ట్ యాజ్ వన్" అందాం. కొంచెం పొడుగైతే అయింది. దాన్ని వినే ఏ దేశంవాడూ తప్పు వరస చూడడు.

ఇంగ్లిష్‌లో ఈ తడబాటు రావడానికి ఇంకో కారణం ఉంది, మనకది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ భాషలో "ఎన్నో" అని అడగడానికి మాట లేదు. "లింకన్ అమెరికాకి ఎన్నో అధ్యక్షుడు?" అని మనం ఒక్క మాటలో అడుగుతాం, పదహారో అధ్యక్షుడని జవాబొస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ ప్రశ్నకి చుట్టూ తిరగాలి. పోనీ "ఎంతమంది" అని అడిగితే సరిపోతుందా అంటే, సరిపోదు. ట్రంప్ 47వ అధ్యక్షుడు. ఆయనతో కలిపి ఆ పదవి చేసినవాళ్లు మాత్రం 45 మందే. క్లీవ్‌లాండ్ 22, 24 వరసల్లోనూ, ట్రంప్ 45, 47 వరసల్లోనూ రెండేసిసార్లు లెక్కకొచ్చారు. 'ఎంతమంది', 'ఎన్నో' అనేవి వేర్వేరు ప్రశ్నలని మన భాషలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తమిళంలో, కన్నడంలో, మలయాళంలో కూడా ఈ ప్రశ్నకి సొంత మాట ఉంది. జర్మన్‌లోనూ ఉంది.

ఈ "ఎన్నో"లో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. "ఎన్నో పుస్తకాలు" అంటే బోలెడు పుస్తకాలు. "ఎన్నో పుస్తకం?" అంటే వరసలో దాని చోటు అడుగుతున్నాం. "ఎన్నోసార్లు చెప్పాను", "ఇది ఎన్నోసారి చెప్పడం?" రెండు చోట్లా మాట అదే, పక్కనున్నది బహువచనమా ఏకవచనమా అన్నదాన్నిబట్టి అర్థం మారిపోతుంది. వ్యాకరణం ఎప్పుడూ చదవనివాళ్లు కూడా ఇందులో పొరబడరు.

బయట పెరిగిన మన పిల్లల నోట ఈ మాటే ముందు జారిపోతోంది. "ఇది ఎన్ని పేజీ?" అంటున్నారు, లేకపోతే "వాట్ నంబర్" అంటున్నారు. అందరం వింటున్నాం, అర్థమైంది కదా అని వదిలేస్తున్నాం. దయచేసి వదలకండి. మందలించకుండా, "ఎన్నో పేజీనా? ముప్పయ్యో పేజీ" అని మాట అందించి జవాబు చెబితే చాలు. రెండు వారాల్లో మా ఇంట్లో మార్పు కనిపించింది.

వయసు విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. "పాపకి ఆరో ఏడు నడుస్తోంది" అంటే నిండినవి ఐదు. అది వినీ వినగానే ఫారంలో సిక్స్ అని రాసేసేవాళ్లను చూశాను. "నిండాయి", "నడుస్తోంది" అని రెండు మాటలు పెట్టుకుని ఈ తేడాని తెలుగు ఎంత శ్రద్ధగా కాపాడుకుంటూ వచ్చిందో ఆ తప్పు చూసినప్పుడే నాకు తెలిసొచ్చింది. అంతస్తుల సంగతి అందరికీ తెలిసిందే. బ్రిటన్‌లో ఫస్ట్ ఫ్లోర్ అంటే మెట్లెక్కాలి, అమెరికాలో అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకి ఇది రోజూ ఎదురయ్యేదే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో జాబితాలో చోటు చెప్పే అంకెని ఇండెక్స్ అంటారు. మొదటిదాని ఇండెక్స్ సున్నా, నాలుగోదాని ఇండెక్స్ మూడు. వెనక నుంచి వస్తే మాత్రం చివరిది మైనస్ ఒకటి, దాని ముందుది మైనస్ రెండు. అంటే ముందు నుంచి చూస్తే అంకె ఒకటి తగ్గుతుంది, వెనక నుంచి చూస్తే "చివరి నుంచి రెండోది" అన్న మన లెక్కకి సరిగ్గా సరిపోతుంది. కాబట్టి ఎవరైనా "ఫోర్త్ ఎలిమెంట్" అన్నప్పుడు ఇండెక్స్ మూడా, నాలుగా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ ప్రశ్న అడిగినవాడు పని తెలిసినవాడే.

ఆ అమ్మాయి, నేను ఇప్పటికీ కలిసే పనిచేస్తున్నాం. ఇప్పుడు ఏ వరస మార్చాలన్నా ముందు వరస నంబరు చెబుతాను, తర్వాత అందులో ఉన్న పేరు చెబుతాను. ఆమె ఆ పేరు పైకి చదివి, దాని పైనా కిందా ఉన్న పేర్లు కూడా చదువుతుంది. నేను "అవును" అన్నాకే మార్చుతుంది. మొన్న హడావిడిలో నేను "చివర్లో రెండోది" అని ఇంగ్లిష్‌లో ఏదో అనేశాను. ఆమె ఆగి, "ఏ చివర నుంచి?" అని అడిగింది.